కాన్సర్ మ్యుటేషన్లను పటంగా చూడడం – 5వ పాఠం: తిప్పడం అంటే రెండు పనులు

ఈసారి రెయిన్‌ఫాల్ ప్లాట్ (మ్యుటేషన్లు జీనోమ్‌లో ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూపే పటం) మొదలుపెట్టాలి. మీరు గీసిన 96 స్తంభాల పటాలు (ఒక్కో స్తంభం ఒక్కో రకం మ్యుటేషన్ లెక్క) చూశాక దాన్ని వచ్చే పాఠానికి జరిపాను. చాలా పటాల్లో తప్పు ఒక్కటే, అందులో నా వాటా కూడా ఉంది. "జి, ఏ వస్తే అవతలి పోగుకు మార్చండి" అని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోయాను. పోగులంటే డీఎన్‌ఏలోని రెండు వరుసలు; ఏ, సి, జి, టి వాటిలోని అక్షరాలు, అంటే బేసులు.

ఫైలు చదవడం, ఇన్సర్షన్లు, డిలీషన్లు (అక్షరాలు చేరడం, పోవడం) తీసేయడం, రెండు పక్కల బేసులను రిఫరెన్స్ జీనోమ్ (పోల్చడానికి వాడే ప్రామాణిక మానవ జీనోమ్) నుంచి తెచ్చుకోవడం మీకు వచ్చనే అనుకుంటాను.

జి ఉన్నచోట ఎదురు పోగులో సి, ఏ ఉన్నచోట టి ఉంటుంది. జి కాస్తా ఏ అయిందన్నా, సి కాస్తా టి అయిందన్నా జరిగింది ఒకటే. అందుకే మధ్య బేసు ఎప్పుడూ సి లేదా టి అయ్యేలా రాస్తాం. 12 రకాల మార్పులు 6 అవుతాయి. వాటిని ఎడమ పక్క 4, కుడి పక్క 4 వీలులతో గుణిస్తే 96.

ఇక అసలు చిక్కు. రెండు పోగులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. కాబట్టి అక్షరాలు మార్చాక వరుసను కూడా వెనక నుంచి ముందుకు చదవాలి. మీలో ఎక్కువమంది మొదటి పని చేసి రెండోది వదిలేశారు.

కాన్సర్లలో తరచుగా మారే టీపీ53 జీన్‌లో 273వ కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు అక్షరాలు) చూడండి. సి-జి-టి. మధ్య జి మారి ఏ అయితే ఆర్జినిన్ స్థానంలో హిస్టిడిన్ వస్తుంది. అక్షరాలు మాత్రమే మారిస్తే జి-సి-ఏ. వరుస కూడా తిప్పితే ఏ-సి-జి. మొదటిది తప్పు, రెండోది ఒప్పు. తేడా చిన్నది కాదు. సి తర్వాత జి ఉన్నచోట, మిథైల్ అనే చిన్న రసాయన గుంపు తగిలిన సి తనంతట తానే టి అయిపోవడం వయసుతో పాటు పేరుకునే మార్పు. పటంలో అది నాలుగు నిటారు స్తంభాలుగా కనిపించాలి: ఏ-సి-జి, సి-సి-జి, జి-సి-జి, టి-సి-జి. మీ పటాల్లో వాటి ఎత్తు తగ్గి, ఆ మిగులు జి-సి-ఏ, జి-సి-సి, జి-సి-టి దగ్గర మొలిచింది. ఒకరు దాన్ని కొత్త సిగ్నేచర్ (ఏదో ఒక కారణం వదిలే మ్యుటేషన్ల గుర్తు) అనుకుని సంబరపడ్డారు కూడా!

"టెస్ట్ చేశాను, సరిగ్గానే వచ్చింది" అంటారా? ఏ-జి-ఏ తో చేసి ఉంటారు. రెండు పక్కలా ఒకే అక్షరం ఉంటే తిప్పినా తిప్పకపోయినా టి-సి-టి యే. సి మధ్యలో ఉన్న 16 వరుసల్లో ఇలాంటివి 4. తప్పు దాక్కునేది అక్కడే.

అక్షరాలు మార్చే పనిలో మరో సరదా: ముందు ఏ లన్నీ టి చేసి, తర్వాత టి లన్నీ ఏ చేస్తే చివరికి మిగిలేవి ఏ లే. నేనైతే నాలుగు అక్షరాల పట్టిక ఒకటి పెట్టుకుని ఒక్కో అక్షరాన్ని అందులోంచే తెచ్చుకుంటాను.

స్తంభాలను ఎత్తును బట్టి పేర్చకండి. వరుస మారితే రెండు నమూనాలను పోల్చలేం. శాతాలు కాకుండా లెక్కలే గీయండి. 20 మ్యుటేషన్లను 96 గళ్లలో పంచి శాతాలు వేస్తే ఏదో ఉన్నట్టు భ్రమ పుడుతుంది. 50 లోపు ఉన్న నమూనా పటం నేను గీయను.

అభ్యాసం: ఏదైనా చర్మ మెలనోమా మ్యుటేషన్ ఫైలు తీసుకోండి. ముందుగా, తెచ్చుకున్న వరుసలో మధ్య బేసు ఫైలులోని రిఫరెన్స్ బేసుతో ప్రతి లైనులోనూ కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే రిఫరెన్స్ జీనోమ్ రెండు వెర్షన్లు, జీఆర్‌సీహెచ్37, 38, కలగలిసి ఉండొచ్చు. తర్వాత ఫైలును రెండుగా చీల్చండి: రిఫరెన్స్ బేసు సి, టి ఉన్నవి ఒకవైపు, జి, ఏ ఉన్నవి ఇంకోవైపు. రెండో సగాన్ని తిప్పి రెండు పటాలూ ఒకదాని కింద ఒకటి పెట్టండి. మ్యుటేషన్లు వేలల్లో ఉంటే అవి దాదాపు కవలల్లా ఉండాలి. లేకపోతే జి మధ్యలో ఉన్న 16 వరుసలనూ కాగితం మీద చేత్తో తిప్పి, ప్రోగ్రాము ఇచ్చినదానితో ఒక్కొక్కటే పోల్చండి. అది అయ్యాకే రెయిన్‌ఫాల్ ప్లాట్.