బోట్ ట్రైలర్ వారంటీ కావాలంటే మొదటి రోజే చేయాల్సిన పని

చెన్నైలో అంతా ఉప్పునీళ్లే కాబట్టి ట్రైలర్ (పడవని కారు వెనక లాక్కెళ్లే బండి) వచ్చిన రోజే కిందకి దూరి వెల్డింగ్‌లు, యాక్సిల్, చాసిస్ నంబర్ ఫోటోలు తీసి పెట్టుకోండి. నేను తియ్యలా, నాలుగో నెలకే వెల్డింగ్ దగ్గర పగులొచ్చి తుప్పు కారుతుంటే కంపెనీవాడు "సార్ మీరే సరిగా కడగలేదు" అని చేతులు దులిపేసుకున్నాడు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద లాక్కెళ్లాక చక్రాల మధ్య ఉండే హబ్‌లు వేడెక్కి కాలిపోతుంటాయి, చల్లారకుండా నీళ్లలోకి దించితే లోపలి గాలి ముడుచుకుని సీల్ గుండా నీళ్లు పీల్చేస్తుంది, ఇక బేరింగ్ పోయినట్టే, అది మాత్రం మన తప్పే. మంచినీళ్లతో కడిగేది కూడా వీడియో తీయండి, నవ్వితే నవ్వనీండి. ఫోన్లో మాటలొద్దు, మెయిలే పెట్టండి. కంపెనీ పలక్కపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి, అదీ కాకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్, 2 ఏళ్లలోపు కేసు వెయ్యాలి, 5 లక్షల లోపు కొన్నదైతే ఫీజు కూడా లేదు.