పిస్టన్ రింగులు కొనేముందు బోర్ కొలవండి

మారుతి 800 ఇంజిన్ దింపి బ్లాక్ విప్పగానే చాలామంది నేరుగా స్పేర్స్ షాపుకి వెళ్లి "ఎయిట్ హండ్రెడ్‌కి రింగ్ సెట్ ఇవ్వండి" అంటారు. కౌంటర్‌లో ఆయన "స్టాండర్డా, పాతికా, యాభయ్యా?" అని అడుగుతాడు, అంటే కంపెనీ ఇచ్చిన సైజా, దానికంటే 0.25 మి.మీ. పెద్దదా, 0.50 పెద్దదా అని. దానికి జవాబు కారు పేరులో ఉండదు, మోడల్ సంవత్సరంలో ఉండదు. మీ సిలిండర్ లోపలి వ్యాసంలో, అంటే బోర్‌లో ఉంటుంది, కొలిస్తేనే తెలుస్తుంది.

మా నాన్నగారి 800కి ఒక షెడ్డులో కొలవకుండానే పాత రింగులు తీసి కొత్తవి వేసి బిగించేశారు. నెల రోజులు బాగానే నడిచింది, తర్వాత నీలం పొగ మొదలైంది, వారం వారం ఆయిల్ పోయాల్సి వచ్చింది. మళ్లీ విప్పి చూస్తే బోర్ పైభాగం కోలగా అరిగిపోయి ఉంది. గుండ్రంగా ఉన్న కొత్త రింగు ఆ గోడని అన్నివైపులా తాకనే లేదు. గాస్కెట్లకీ కూలీకీ డబ్బు రెండుసార్లు పెట్టాం. మీకు ఆ ఖర్చు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు ఇంజిన్ విప్పాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి, తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు బాగా పైకి లేస్తే రింగులో బోరో అరిగినట్టు, కదలకపోతే వాల్వుల వైపు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాకుండా, కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి కదిలినప్పుడు మాత్రమే పొగ వస్తుంటే ముందు వాల్వ్ సీళ్లని అనుమానించండి.

ఇక కొలత. 796 సీసీ ఇంజిన్‌లో స్టాండర్డ్ బోర్ 68.5 మి.మీ. డయల్ బోర్ గేజ్‌తో ప్రతి సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట క్రాంక్ పొడవునా ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి చూసి రాసుకోండి. మూడు సిలిండర్లకి మొత్తం 18 అంకెలు. టాప్ రింగు పైకి వచ్చి ఆగే చోటే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే అక్కడ వేడి ఎక్కువ, ఆయిల్ తక్కువ, కింద అయితే దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. గేజ్ లేకపోతే ఒక రింగుని బోర్‌లో పెట్టి, పిస్టన్ తలకిందులుగా పట్టుకుని సమంగా నెట్టి, పైన ఒకసారి కింద ఒకసారి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పల్చటి రేకులు) దాని కొనల మధ్య గ్యాప్ చూడండి. రెండింటి తేడాని 3.14తో భాగిస్తే బోర్ ఎంత సాగిందో సుమారుగా వస్తుంది. గ్యాప్‌లో 0.30 తేడా ఉంటే బోర్ దాదాపు 0.10 అరిగినట్టు. నా లెక్కలో అయితే 0.05 లోపు ఉంటే హోనింగ్ (రాయితో గోడని సన్నగా గీయడం) చేయించి స్టాండర్డ్ రింగులే వేసుకోవచ్చు, 0.10 దాటితే బోరింగ్, అంటే సిలిండర్‌ని పెద్ద సైజుకి కోయించడం, తప్పదు, మధ్యలో ఉంటే బండి ఇంకా ఎన్నేళ్లు వాడతారో చూసుకుని నిర్ణయించుకోండి.

బోరింగ్ అయితే రింగులు విడిగా కాదు, అదే సైజు పిస్టన్లు కూడా కావాలి. పాతిక అంటే 68.75, యాభై అంటే 69.00. పిస్టన్లు ముందే కొని బోరింగ్ షాపుకి పట్టుకెళ్లండి, వాళ్లు పిస్టన్ కొలిచి దానికీ గోడకీ మధ్య తగినంత సందు వదిలి బోర్ చేస్తారు. ఒక్క సిలిండరే పాడైనా మూడింటినీ ఒకే సైజుకి తీసుకెళ్లడం మంచిది.

ఇక్కడ ఒక అడ్డదారి గురించి గట్టిగా చెప్పాలి. అరిగిన స్టాండర్డ్ బోర్‌లో పాతిక సైజు రింగులు తెచ్చి, కొనలు ఆకురాయితో రాసి పట్టించేవాళ్లు ఉన్నారు. ఒప్పుకోకండి. 68.75కి గుండ్రంగా ఉండేలా చేసిన రింగుని అంతకంటే చిన్న బోర్‌లోకి నొక్కితే అది సరిగ్గా గుండ్రంగా కూర్చోదు, కొన్నిచోట్ల ఒత్తుకుని కొన్నిచోట్ల వదిలేస్తుంది. తిరగేసినా ముప్పే: పాతిక బోర్‌లో స్టాండర్డ్ రింగు వేస్తే గ్యాప్ 0.78 మి.మీ. అదనంగా తెరుచుకుంటుంది.

రకం విషయానికొస్తే, మామూలుగా రోజూ తిరిగే కారుకి కంపెనీ మొదట ఏ రకం ఇచ్చిందో అదే తీసుకోండి. క్రోమ్ పూత రింగు దుమ్ముని బాగా తట్టుకుంటుంది కానీ గోడకి పట్టడానికి టైమ్ తీసుకుంటుంది. మాలిబ్డినమ్ పూతలో ఉండే సన్నటి రంధ్రాలు ఆయిల్‌ని పట్టి ఉంచుతాయి, వేడిని బాగా ఓర్చుకుంటుంది, త్వరగా కూర్చుంటుంది. పూత లేని కాస్ట్ ఐరన్ చవక, కూర్చోవడం తేలిక, అరగడం కూడా తేలికే. క్రోమ్ వేసిన బోర్‌లో మాత్రం క్రోమ్ రింగు వేయకూడదు. ఏ రింగు కొన్నారో బోరింగ్ షాపులో ముందే చెప్పండి, హోనింగ్ రాయి ఎంత నునుపుగా ఉండాలో దాన్ని బట్టే ఉంటుంది. గోయెట్జే, ఉషా లాంటి పేరున్న పెట్టెలకి నకిలీలూ తిరుగుతుంటాయి, కాబట్టి ఆటోనగర్ అయినా రాణిగంజ్ అయినా బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

పాత పిస్టన్లే వాడుతుంటే గాడుల్లో మసి శుభ్రంగా తీయండి, విరిగిన పాత రింగు ముక్క దానికి బాగా పనికొస్తుంది, కాకపోతే అల్యూమినియం గీసుకుపోకుండా చూసుకోవాలి. తర్వాత కొత్త రింగుని గాడిలో పెట్టి పక్క సందు చూడండి. సాధారణంగా 0.03 నుంచి 0.07 మి.మీ. ఉంటుంది, 0.12 దాటితే ఎంత మంచి రింగు వేసినా గాడిలో కొట్టుకుంటూనే ఉంటుంది, పిస్టన్ మార్చాల్సిందే. రింగు మందం కూడా సరిచూడండి, 1.5 గాడిలో 1.2 రింగు పట్టేస్తుంది కానీ పనిచేయదు.

కొనల గ్యాప్‌కి మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. అది దొరక్కపోతే బోర్‌ని 0.004తో గుణించండి, 68.5కి 0.27 మి.మీ. వస్తుంది. అరిగిన బోర్ అయితే రింగు తిరిగే దూరంలో కింది చివర కొలవాలి, బోర్ అక్కడే ఇరుకు. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి కొనలు రెండూ ఒకదానికొకటి తన్నుకుని రింగు విరుగుతుంది, గోడ గీసుకుపోతుంది. కాస్త ఎక్కువైతే అంత ప్రమాదం లేదు. రాయాల్సి వస్తే ఒక కొననే, బయటి అంచు నుంచి లోపలికి రాయండి, లేకపోతే పూత ఊడుతుంది.

హోనింగ్ అయ్యాక బ్లాక్‌ని వేడినీళ్లూ సబ్బుతో బ్రష్ పెట్టి కడగండి. డీజిల్‌తో తుడిస్తే చాలదు, రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటకూడదు, ఆ వెంటనే ఆయిల్ రాయండి.

వేసేటప్పుడు చుక్క గానీ అక్షరం గానీ ఉన్న వైపు పైకి. ఆయిల్ రింగు స్ప్రింగు కొనలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా ఆనాలి. గ్యాప్‌లు అన్నీ ఒకే వరుసలోకి రాకుండా దూరదూరంగా తిప్పి పెట్టండి. స్టార్ట్ చేశాక గంటలకొద్దీ ఐడిలింగ్‌లో వదిలేయకండి, లీకులు చూసుకుని రోడ్డెక్కించండి, స్పీడు కొంచెం పెంచుతూ తగ్గిస్తూ నడపండి, ఆ ఒత్తిడికే రింగులు గోడకి పడతాయి. మొదట మినరల్ ఆయిలే పోయండి, 1,000 కిలోమీటర్లకి ఫిల్టర్‌తో సహా మార్చేయండి.