సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని బయటి టీమ్‌కి అప్పజెప్పేటప్పుడు

ప్రోడక్ట్ ఎలా పనిచెయ్యాలో మీ టీమ్‌లో అందరికీ తెలుసు. బయటి టెస్టర్లకు మాత్రం మీరు రాసి ఇచ్చిందే తెలుసు. కాబట్టి వెండర్‌ని, అంటే ఆ పని చేసిపెట్టే బయటి సంస్థని, వెతకడానికి ముందే రాతపని పూర్తి చెయ్యాలి.

ఒక చిన్న ఫీచర్ తీసుకుందాం: "5 ఎంబీ వరకు ఫైలు అప్‌లోడ్ చెయ్యొచ్చు." డెవలపర్‌కి ఈ ఒక్క ముక్క చాలు, టెస్టర్‌కి చాలదు. 5 ఎంబీ అంటే 50,00,000 బైట్లా, 52,42,880 బైట్లా? సరిగ్గా హద్దు మీద ఉన్న ఫైలుని తీసుకోవాలా, తిప్పి పంపాలా? ఖాళీ ఫైలు వస్తే? వేరే రకం ఫైలుకి జేపీజీ అని పేరు మార్చి పంపితే? సగంలో నెట్ పోతే ఆ ముక్క సర్వర్‌లోనే ఉండిపోతుందా? జవాబులు లేకపోతే మంచి టెస్టర్ ఈ ప్రశ్నలన్నీ మీకు పంపి ఎదురుచూస్తారు. తొందరలో ఉన్నవాళ్లు 2 ఎంబీ ఫైలు ఒకటి ఎక్కించి "పాస్" అని రాసేస్తారు. అసలు ప్రమాదం ఈ రెండోదే, రిపోర్టు మొత్తం పచ్చగా కనిపిస్తుంది కాబట్టి. జవాబులు ముందే రాసి ఉంటే టెస్ట్ కేసులు వాటంతట అవే వస్తాయి: హద్దుకి ఒక బైట్ తక్కువ, సరిగ్గా హద్దు, ఒక బైట్ ఎక్కువ, సున్నా బైట్లు.

ఏది ఇవ్వాలి, ఏది ఉంచుకోవాలి

రిగ్రెషన్ టెస్టింగ్ (కొత్త మార్పు వల్ల పాతవి చెడిపోయాయా అని చూడడం), రకరకాల ఫోన్ల మీద, బ్రౌజర్ల మీద చూసే కంపాటిబిలిటీ టెస్టింగ్, లోడ్ టెస్టింగ్ (ఒకేసారి ఎక్కువమంది వాడితే తట్టుకుంటుందా అని చూడడం) బయటికి ఇవ్వడానికి అనువైనవి. సెక్యూరిటీ టెస్టింగ్‌ని ఎలాగూ ఆ విద్య తెలిసినవాళ్లకే ఇవ్వాలి. కోడ్‌లోని చిన్న చిన్న ముక్కల్ని విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులు కోడ్ రాసినవాళ్లే రాయాలి. రోజూ రూపం మారుతున్న కొత్త ఫీచర్ కుదురుకునేదాకా బయటికి పంపకండి. పంపితే టెస్ట్ కేసులు తిరగరాయడానికే డబ్బు పోతుంది. రిలీజ్ చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఎప్పటికీ మీదే.

రెండు టీమ్‌ల పని కలిసే చోటుని ఎవరు టెస్ట్ చేస్తారో పేరు పెట్టి రాయండి. 1999లో నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక దెబ్బతిన్నది అక్కడే. కాంట్రాక్టర్ సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకని నెట్టే చిన్న ఇంజన్ల) లెక్కని పౌండ్-సెకన్లలో ఇచ్చింది, అందుకున్న వైపు దాన్ని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. న్యూటన్-సెకన్లలోనే ఇవ్వాలని స్పెసిఫికేషన్‌లో రాసే ఉంది. వచ్చే ఫైలు అలా ఉందా లేదా అన్నది మాత్రం సరిగ్గా పరీక్షించలేదు.

ముందు రెండు వారాల పైలట్

ప్రెజెంటేషన్లు చూసి వెండర్‌ని తేల్చుకోవద్దు. ఒక మాడ్యూల్, ఇద్దరు టెస్టర్లు, రెండు వారాలు, దానికి తగిన డబ్బు ఇచ్చి చూడండి. వాళ్లకిచ్చే బిల్డ్‌లో (టెస్ట్ చెయ్యడానికి సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ కాపీలో) మీరే పది తప్పులు కావాలని పెట్టండి: తప్పు కూడిక, రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు పడడం, ఒకరి లాగిన్‌తో ఇంకొకరి పేజీ తెరుచుకోవడం లాంటివి. ఎన్ని పట్టుకున్నారన్నది ఒక లెక్క. ఏవి వదిలేశారన్నది అంతకంటే ముఖ్యం. స్పెల్లింగ్ తప్పులన్నీ పట్టి, రెండు ఆర్డర్లు పడడాన్ని వదిలేస్తే ఆ టీమ్ స్క్రీన్‌ని చూస్తోంది గాని పనిని చూడడం లేదు. పైలట్ చేసినవాళ్లే అసలు పనిలోనూ ఉంటారని, మార్చాలంటే ముందు మీకు చెప్పాలని ఒప్పందంలో రాయించండి. టెస్టర్లకి పరీక్ష పెట్టి ఇచ్చే ఐఎస్‌టీక్యూబీ సర్టిఫికెట్ ఉంటే పరిభాష కలుస్తుంది, కానీ పట్టుకునే చూపు ఉందో లేదో దాన్నిబట్టి తేలదు.

బగ్ రిపోర్టు ఎలా ఉండాలి

"లాగిన్ పనిచెయ్యట్లేదు" అన్నది రిపోర్టు కాదు. బిల్డ్ నంబరు, ఫోన్ మోడల్, ఓఎస్ వెర్షన్, ఏ టెస్ట్ అకౌంట్, ఒక్కో అడుగు, ఏం జరగాలి, ఏం జరిగింది, ఐదుసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది, స్క్రీన్ రికార్డింగ్, టైమ్ జోన్‌తో సహా జరిగిన సమయం ఉండాలి. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే సర్వర్ లాగ్‌లో ఎక్కడ వెతకాలో డెవలపర్‌కి తెలియదు. తీవ్రతని టెస్టర్ నిర్ణయించాలి, ఏది ముందు సరిచెయ్యాలో మీరు నిర్ణయించాలి. మొదటి పేజీలో మీ సంస్థ పేరే తప్పుగా పడితే తీవ్రత తక్కువే, అయినా ఆ రోజే సరిచెయ్యాలి.

డబ్బు లెక్క

బగ్‌కి ఇంత అని ఎప్పుడూ ఒప్పుకోకండి. ఒకే లోపం పది టికెట్లుగా వస్తుంది. టెస్ట్ కేసుకి ఇంత అన్నా అంతే, పనికిరాని కేసులు పేరుకుపోతాయి. హద్దులు తెలిసిన రిగ్రెషన్‌కి రిలీజ్‌కి ఇంత అని, ఎడతెగని పనికి మనిషికి నెలకి ఇంత అని మాట్లాడుకోవడం మేలు. నాణ్యత చూడడానికి రెండు లెక్కలు చాలు. ఒకటి, జారిపోయినవి: టెస్టింగ్‌లో 40 దొరికి, రిలీజ్ తర్వాత యూజర్లకి 10 కనబడితే 50లో 10, అంటే 20 శాతం. రెండోది, డెవలపర్లు "ఇది బగ్ కాదు" అనో "ముందే ఉంది" అనో తిప్పి పంపినవి. ఇవి పెరుగుతుంటే వెండర్ని తిట్టే ముందు మీ స్పెసిఫికేషన్ తెరిచి చూడండి.

రోజువారీ పని

టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ పడిపోయి టీమ్ ఖాళీగా కూర్చునే గంటలకీ మీరే డబ్బు కడతారు. ప్రతి బిల్డ్ మీద పదిహేను నిమిషాల స్మోక్ టెస్ట్ (ముఖ్యమైన పనులు నడుస్తున్నాయా అని చూసే చిన్న పరీక్ష) ఆటోమేటిక్‌గా నడిచి, అది పాసైతేనే బయటికి వెళ్లాలి. రెండు టీమ్‌లూ కలిసి పనిలో ఉండే సమయం రోజుకి కనీసం రెండు గంటలు ఉండాలి. ప్రశ్న వస్తే ఒక పనిదినంలో జవాబివ్వాల్సిన మనిషి ఎవరో ఒక్క పేరు చెప్పండి. "టీమ్‌ని అడగండి" అంటే ఎవరూ జవాబివ్వరు.

టెస్టుల్ని వాటంతట అవే నడిపే ఆటోమేషన్ కోడ్ మొదటి రోజు నుంచి మీ గిట్ రిపాజిటరీలోనే (మీ కోడ్ దాచుకునే చోటే) ఉండాలి, మీ డెవలపర్ ఒకరు రివ్యూ చెయ్యాలి. ఎక్కువగా కనబడే జబ్బులు రెండు: పేజీ కోసం "5 సెకన్లు ఆగు" అని గుడ్డిగా రాయడం, అన్ని టెస్టులూ ఒకే లాగిన్‌ని పంచుకోవడం. సర్వర్ నెమ్మదించిన రోజు మొదటిది పడిపోతుంది, టెస్టుల్ని ఒకేసారి నడిపిన రోజు రెండోది. ఫెయిలైతే మళ్లీ నడిపే సెట్టింగ్ పెట్టి వీటిని కప్పేస్తుంటారు. అందుకే ఈ టెస్టుల సూట్‌ని (మొత్తం గుత్తిని) తీసుకునే ముందు ఆ సెట్టింగ్ తీసేసి, ఏమీ మారని బిల్డ్ మీద 20 సార్లు నడపండి. ఇరవైసార్లూ ఒకే ఫలితం రాకపోతే తీసుకోవద్దు.

యూజర్ల అసలు డేటా ఇవ్వకండి. కల్పించిన డేటా గాని, పేర్లూ నంబర్లూ మార్చేసిన కాపీ గాని ఇవ్వండి. యూరోపియన్ యూనియన్‌లో ఉన్నవాళ్ల వ్యక్తిగత డేటాని వెండర్ మీ తరఫున తాకుతుంటే, 2018 మే నుంచి అమల్లో ఉన్న అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం డేటా ప్రాసెసింగ్ ఒప్పందం రాసుకోవడం తప్పనిసరి. ఒక్కో టెస్టర్‌కి విడి అకౌంట్ ఉండాలి. మనిషి మారిన రోజే అది మూసెయ్యాలి.

టెస్ట్ కేసులు, టెస్ట్ డేటా, బగ్ చరిత్ర వెండర్ టూల్‌లో కాకుండా మీ టూల్‌లో పెట్టించండి. ఒప్పందం ముగిసేముందు 30 రోజుల అప్పగింత గడువు రాయించండి. ఆ గడువులో ఒక రిలీజ్ రిగ్రెషన్‌ని మీ మనుషులే, వెండర్ సాయం లేకుండా, ఆ రాతల్ని చూసి నడపాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఏదో రాయలేదన్నమాట. ఆఖరి బిల్లు కట్టేలోపు దాన్ని రాయించుకోండి.