క్విల్ట్ స్వాప్‌కు బట్ట పట్టుకెళ్తున్నారా? పెట్టె సర్దకముందే ఇవి చూసుకోండి

అనంతపురం నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మల్లో కుట్టుపని వచ్చినవాళ్లు కొందరు అక్కడి క్విల్టింగ్ (గుడ్డముక్కలు కలిపి బొంతలు కుట్టే పని) బృందాల్లో చేరుతుంటారు. స్వాప్ అంటే తలా కొన్ని గుడ్డముక్కలు ఒకరికి పంపడం, ఆమె వాటిని కలిపి అందరికీ పంచడం. బొంతలు కుట్టిన చేతులకు ఇదేం కొత్త కాదు. చిక్కల్లా మన బట్ట రంగుతోనే. మన ముక్క రంగు వదిలితే పాడయ్యేది, ముక్కూ మొహం తెలియని ఇంకెవరో నెలల తరబడి కుట్టుకున్న క్విల్టు.

అందుకని ముందు రంగు పరీక్ష. చిన్న ముక్క కత్తిరించి, గ్లాసు వేడినీళ్లలో తెల్లగుడ్డతో కలిపి అరగంట ఉంచండి. తెల్లగుడ్డకు రంగు అంటితే బట్టంతా వేడినీళ్లలో ఉతికి మళ్లీ చూడండి. ఎరుపు, నీలం, నలుపు దగ్గర మరీ జాగ్రత్త. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు గానీ, ఇప్పటి అద్దకం రంగులకు దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మూడు ఉతుకులైనా వదులుతూనే ఉంటే ఆ బట్ట దిండు గలీబులకు పెట్టుకోండి. కొన్ని బృందాలు ఉతకని బట్టే అడుగుతాయి. అప్పుడు ముక్కకు మాత్రం పరీక్ష చేసి, ఫలితం చీటీ మీద రాసి పెట్టండి.

అనంతపురం పాతూరులో కొనేటప్పుడు 'ప్యూర్ కాటన్' అన్న మాట నమ్మేసి తెచ్చుకోవద్దు. రెండు పోగులు లాగి కాల్చండి. కాటనైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కలిసుంటే గట్టి ఉండ కడుతుంది. ధర్మవరం పట్టు ముక్క, రాయదుర్గం జీన్స్ ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా కాటన్ ముక్కలతో కలవవు.

అక్కడ కొలత గజాల్లో. 36 అంగుళాల పొడవు, 44 అంగుళాల పన్నా ఉన్న గజం బట్టను నాలుగు చేస్తే 18 × 22 ముక్క వస్తుంది, దాన్నే ఫ్యాట్ క్వార్టర్ అంటారు. మన మీటరు 39 అంగుళాల పైమాటే కాబట్టి ఉతికాక కుంచించుకున్నా పొడవుకు ఢోకా లేదు. పన్నా వైపు అంగుళం తగ్గొచ్చు. 21 సరిపోతుందా అని ముందే అడగండి.

ఉతకని బట్టే కావాలని అడగకపోతే, గంజి పోయేదాకా ఉతికి, మన ఎండలో కరకరలాడేలా ఆరబెట్టండి. కలరా ఉండలు, అగరుబత్తి, పోపు వాసన తగలనివ్వొద్దు. మనకు తెలియదు గానీ, అవతలివాళ్లకు అది తలనొప్పి. ముక్కలు జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసేయండి. గుండుసూదులు అస్సలు వద్దు.

ఇక్కడి నుంచి పోస్టులో పంపడం కంటే పెట్టెలో తీసుకెళ్లడమే మేలు. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. తప్పదంటే కస్టమ్స్ ఫారంలో కాటన్ బట్ట ముక్కలని, ఎన్ని మీటర్లో, ఎంత విలువో ఉన్నదున్నట్టు రాయండి. ఆదోని పత్తి చూపిద్దామని గింజ పత్తి మాత్రం పెట్టెలో పెట్టకండి, మొక్కల తెగుళ్ల నిబంధనలు ఉంటాయి.

అమెరికాలో ముక్కల కవరు పోస్టు చేసేటప్పుడు అది 10 ఔన్సులు, అంటే దాదాపు 280 గ్రాములు దాటినా, అర అంగుళం మందం దాటినా, స్టాంపులు అంటించి అక్కడి నీలం తపాలా డబ్బాలో వేయకూడదు. పోస్టాఫీసు కౌంటర్‌లో ఇచ్చి ట్రాకింగ్ నంబరు తీసుకోండి. మీ వంతు ముక్కలు తిరిగి పంపడానికి తిరుగు పోస్టేజీ లోపలే పెట్టాలా అన్నది కూడా అడగండి.

అన్నిటికంటే ముందు మీ తిరుగు టికెట్ తేదీ చూసుకోండి. ముక్కలు చేరాల్సిన గడువు తర్వాత, పంచి పంపడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. అప్పటికి మీరు అనంతపురంలో ఉంటే పార్సిల్ అమ్మాయి ఇంటికే వస్తుంది. అందుకే చిరునామాలో మీ పేరు కింద 'కేరాఫ్' అని అమ్మాయి పేరు రాయండి. పోస్ట్‌బాక్స్ మీద లేని పేరు కనిపిస్తే పోస్ట్‌మ్యాన్ వెనక్కి పంపేయొచ్చు.