ఆటిజం ఉన్న పిల్లలకు సప్లిమెంట్లు: సీసా కొనే ముందు నోటుపుస్తకం తెరవండి

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది తినేవి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే ఉంటాయి. పెరుగన్నం తప్ప మరేదీ ముట్టని వారు, కరకరలాడేవి మాత్రమే నమిలేవారు, బిస్కెట్టు విరిగి ఉంటే పక్కకు నెట్టేసేవారు ఉంటారు. ఇది మొండితనం కాదు. రుచి, వాసన, మెత్తదనం, రంగు వారికి మనకంటే తీవ్రంగా తగులుతాయి. సప్లిమెంటు అవసరం పుట్టేది ఇక్కడే. ఆటిజాన్ని నయం చేసే విటమిన్ ఏదీ లేదు. తిండిలో పడిన లోటును పూడ్చేవి మాత్రం ఉన్నాయి.

కాబట్టి మొదటి పని ఏడు రోజులపాటు పిల్లవాడు నిజంగా మింగినదంతా, పాలు ఎన్ని మిల్లీలీటర్లో సహా, రాసిపెట్టడం. పళ్ళెంలో పెట్టినది కాదు, కడుపులోకి వెళ్ళినదే రాయాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. 200 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 240, 30 గ్రాముల రాగిపిండితో కాచిన జావలో సుమారు 110 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు బాగా తాగే పిల్లలకు కాల్షియం సిరప్ అక్కరలేదని ఈ లెక్కతోనే తేలిపోతుంది. అయితే పాలు రోజుకు అర లీటరు దాటితే ఆకలి చచ్చిపోయి, ఇనుము తగ్గే ప్రమాదం ఉంది.

ఆ పుస్తకం తీసుకుని పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్ళి, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), విటమిన్ డి, బి12 పరీక్షలు అవసరమేమో అడగండి. జ్వరం ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఎక్కువగా చూపి మోసం చేస్తుంది కనుక తగ్గాకే చేయించాలి. రాత్రంతా కాళ్ళు కదుపుతూ సరిగా నిద్రపోని పిల్లల్లో ఇనుము లోపం ఉండవచ్చు. మట్టి, సుద్ద, గోడ సున్నం తినే అలవాటు ఉంటే సీసం పరీక్ష కూడా కావాలి. పండు, కూర అసలే తినని పిల్లవాడు ఉన్నట్టుండి నడవనని మారాం చేసినా, చిగుళ్ళనుంచి రక్తం కారినా విటమిన్ సి లోపమేమోనని వైద్యునికి గుర్తుచేయండి. నొప్పి అని చెప్పలేని పిల్లల్లో దీన్ని ఎముకల జబ్బుగా పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మందు రాసిచ్చాక ఒకసారి ఒకటే మొదలుపెట్టండి; రెండు వారాలు చూసి రెండోది కలపండి. లేకపోతే విరేచనాలు దేనివల్లో, చిరాకు దేనివల్లో తెలియదు. ఇనుము సిరప్ పాలతో కాకుండా నిమ్మరసంతోనో బత్తాయి రసంతోనో ఇవ్వాలి. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు, కానీ సీసాను తాళం వేసి దాచాలి, ఎక్కువ తాగితే ప్రాణాపాయం. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది; అదీ వైద్యునికి చెప్పండి. విటమిన్ డి విషయంలో 60,000 యూనిట్ల వారం మోతాదును రోజూ వేసేయడం, చుక్కల లెక్కను మిల్లీలీటర్లుగా పొరబడడం తరచుగా జరిగే తప్పులు.

ఒక్క హెచ్చరిక చాలామంది చెప్పరు: పిల్లవాడు తినే ఒకే ఒక్క పదార్థంలో సప్లిమెంటు పొడి కలపకండి. రుచి మారిందని పసిగడితే ఆ పెరుగన్నం కూడా మానేస్తాడు. వేరే గ్లాసులో, వేరే వేళలో ఇవ్వండి.

గోధుమ, పాలు రెండూ మానిపించే ఆహార నియమం ఆటిజం లక్షణాలను తగ్గిస్తుందనడానికి బలమైన ఆధారం లేదు. అన్నం తినే మన ఇళ్ళలో గోధుమ మానడం కష్టం కాదు. పాలు, పెరుగు, మజ్జిగ తీసేస్తే మాత్రం శాకాహారి పిల్లవాడికి కాల్షియంతోపాటు బి12 కూడా పోతుంది. బి6 విటమిన్ పెద్ద మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో లోహాలు తీసేస్తామనే చిలేషన్ జోలికి అసలు వెళ్ళవద్దు: 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆ చికిత్స పొందుతూ ఐదేళ్ళ బాలుడు రక్తంలో కాల్షియం పడిపోయి మరణించాడు.

సుమారు మూడు నెలల తరువాత, లోపం ఉన్నవాటికే మళ్ళీ పరీక్ష చేయించి, మోతాదు కొనసాగించాలో ఆపాలో వైద్యునితో తేల్చుకోండి. ఈలోగా పెరుగన్నం పక్కన వేరే గిన్నెలో ఒక్క దానిమ్మ గింజ పెట్టి, తినమని అడగకుండా వదిలేయండి. దాన్ని ముట్టడానికి పదిహేను రోజులు పట్టినా పరవాలేదు.