ఓపియాయిడ్ వ్యసనానికి ప్రభుత్వ చికిత్స: నమోదు నుంచి మొదటి మాత్ర దాకా

హెరాయిన్, నల్లమందు, పెంటజోసిన్ ఇంజక్షన్లు, ట్రమడాల్ మాత్రలు... ఇవన్నీ ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి మందులు. వీటిలో దేనికి బానిసైనా బ్యూప్రెనార్ఫిన్ అనే మందుతో చికిత్స ఉంది. ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం. అయినా చాలామంది పోలీసులకు భయపడి, నలుగురికీ తెలిసిపోతుందని జంకి ఆగిపోతున్నారు. దరఖాస్తు నిజానికి చాలా చిన్న పని.

ఎక్కడికి వెళ్లాలి

దారులు రెండు. సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారి కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఓఎస్‌టీ కేంద్రాలు (మత్తుమందుకు బదులు వైద్యుల పర్యవేక్షణలో మందు ఇచ్చే చోట్లు) నడుపుతోంది. ఆ సంస్థతో కలిసి పనిచేసే స్వచ్ఛంద సంస్థల క్షేత్ర కార్యకర్తలు చీటీ రాసి అక్కడికి పంపిస్తారు. మాత్రలు మింగేవారు, పొగ పీల్చేవారు ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి గానీ, కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయంతో నడిచే వ్యసన చికిత్స కేంద్రానికి గానీ వెళ్లాలి. దగ్గరలో ఏది ఉందో తెలియకపోతే 14446కు ఫోను చేయండి. కాల్‌కు ఖర్చు లేదు.

తెలంగాణ పాఠకులకు ఒక మాట. కల్తీ కల్లులో కలిపే డైజిపాం, ఆల్ప్రజోలం నిద్రమాత్రల వంటి వేరే జాతి మందులు. వాటికి ఈ చికిత్స పనికిరాదు. కల్లు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు రావచ్చు కాబట్టి ఇంట్లో ప్రయత్నించకుండా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి వంటి చోటికి తీసుకెళ్లండి.

ఏం తీసుకెళ్లాలి

గుర్తింపు కార్డు, పాత వైద్య కాగితాలు ఉంటే తీసుకెళ్లండి. వాడుతున్న మందుల చీటీలు, ఖాళీ అట్టలు ఉంటే ఇంకా మంచిది. ఇంటివారు తోడుంటే మేలు. ఓపీ చీటీ రాయించుకున్నాక వైద్యుడు ఏం వాడుతున్నారు, ఎన్నాళ్లుగా, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. మోతాదు తగ్గించి చెబితే నష్టపోయేది మీరే. మద్యం, నిద్రమాత్రల సంగతి అసలు దాచవద్దు. బ్యూప్రెనార్ఫిన్‌తో అవి కలిస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. గర్భిణి అయితే ఆ మాట ముందే చెప్పాలి, మత్తుమందును తనంతట తాను హఠాత్తుగా మానకూడదు.

తర్వాత సమ్మతి పత్రం. చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. హెచ్ఐవీ పరీక్ష చేయించుకోమని సలహా ఇస్తారు, మీ సమ్మతి లేకుండా మాత్రం చేయకూడదు. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మత్తుమందుల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. మత్తుమందు వాడినందుకో, స్వల్ప పరిమాణంలో దొరికినందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

మొదటి రోజు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. మొదటి మాత్ర వేసుకునేనాటికి ఒంట్లో మత్తు దిగిపోయి ఉండాలి. హెరాయిన్ అయితే సాధారణంగా చివరిసారి వాడి 12 గంటలైనా గడవాలి, మెథడోన్ వంటి నిదానంగా దిగే ఓపియాయిడ్లైతే ఇంకా ఎక్కువ. ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కంటిపాప పెద్దదవడం మొదలయ్యాయా అని వైద్యుడు చూస్తారు. మత్తు ఇంకా ఉండగా మాత్ర వేస్తే బాధలన్నీ ఒక్కుమ్మడిగా మీదపడతాయి. ఆ అనుభవంతో 'ఈ మందు నాకు పడదు' అని వెళ్లిపోయినవారు తిరిగి రావడం కష్టం. అందుకే ఆ కొద్ది గంటలు ఓర్చుకోమని బతిమాలుతున్నాను.

మొదటి మోతాదు మామూలుగా 2 నుంచి 4 మిల్లీగ్రాములు. ఓఎస్‌టీ కేంద్రంలో నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తారు. కరిగేదాకా నీళ్లు తాగకూడదు, మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే మందు సరిగా పనిచేయదు. కరిగిందో లేదో నోరు తెరిపించి చూస్తారు. అనుమానంతో చేసే పని అనుకోకండి, మందు బయటికి పోకుండా అందరికీ పాటించే నియమమది. కొంతసేపు కూర్చోబెట్టి, అవసరాన్ని బట్టి మోతాదు పెంచుతారు. కొన్ని రోజుల్లో వణుకు, యావ తగ్గి, పనికి వెళ్లగలిగే స్థితి వస్తుంది.

ఎన్నాళ్లు?

'ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందా' అని ఇంటివారు అడుగుతారు. సరైన మోతాదులో ఈ మందు మత్తెక్కించదు, మనిషిని నిలకడగా ఉంచుతుంది. చాలామందికి ఏడాది, అంతకు మించి కూడా అవసరమవుతుంది. బాగున్నామని నెలకే ఆపేయడం ప్రాణాంతకం కావచ్చు. శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోయి ఉంటుంది, మళ్లీ అంతే ఎక్కించుకుంటే చనిపోవచ్చు. ఆపాలంటే వైద్యుడితో మాట్లాడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

గొలుసులతో కట్టేసి 'మాన్పిస్తాం' అనే ప్రైవేటు కేంద్రాల జోలికి వెళ్లవద్దు. అలా కట్టేయడాన్ని అదే 2017 చట్టం నిషేధించింది.

కొన్ని రోజులు వెళ్లలేకపోతే సిగ్గుపడకుండా మళ్లీ వెళ్లండి, వైద్యుడు మోతాదు సరిచూసి కొనసాగిస్తారు. పని మీద వేరే ఊరికి మారుతుంటే బయలుదేరే ముందే కేంద్రంలో చెప్పి, అక్కడి కేంద్రానికి లేఖ రాయించుకోండి.