సమోవా ఇంట్లో ఉండబోయే వలంటీర్లకు జాగ్రత్తలు: చెప్పకుండా గడప దాటవద్దు

2025లో పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీపదేశం సమోవాలో డెంగీ ప్రబలి పిల్లల ప్రాణాలు తీసిందన్న వార్తలు వచ్చినప్పటి నుంచి, అక్కడికి వలంటీర్లుగా వెళ్లాలనుకునే మన పిల్లల తల్లిదండ్రులు దోమతెరల గురించీ మందుల గురించీ అడుగుతున్నారు. అవి అవసరమే కానీ, 1967 నుంచి ఆ దీవులకు వలంటీర్లను పంపుతున్న పీస్ కోర్ (అమెరికా ప్రభుత్వ వలంటీర్ల సంస్థ) వంటి సంస్థలు శిక్షణలో వాటిని ఎలాగూ నూరిపోస్తాయి. చక్కగా కుదురుకోవలసినవారి బతుకును వారికి చోటిచ్చిన ఇంట్లో దుర్భరం చేసిన తప్పు వేరొకటి ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయటికి వెళ్లడం.

సమోవా పల్లెలో పెత్తనం మతాయిలనే కుటుంబ పెద్దలు కూర్చునే ఫోనో సభది. ఒక ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి మీ నడవడికకు ఆ ఇంటి మతాయే పూచీ. ఆదివారం ఈతకు దిగినా, సాయంత్రం ప్రార్థన వేళ రోడ్డు మీద తిరిగినా, మీ తప్పుకు ఇంటివాళ్లకు జరిమానా పడవచ్చు; అది డబ్బు కావచ్చు, పందులు కావచ్చు, చేపల డబ్బాల పెట్టెలు కావచ్చు. ఆ సంగతి మీతో ఎవరూ అనరు, నవ్వుతూనే అన్నం పెడతారు. పెరట్లో తిరిగే పంది ఒకటి కొన్నాళ్లుగా కనబడటం లేదని మీకు తట్టేసరికి జరగవలసింది జరిగిపోయి ఉంటుంది. ‘కాసేపు ఒంటరిగా ఉండాలనిపించింది’ అన్న సంజాయిషీ అక్కడ చెల్లదు, ఎందుకంటే ఒంటరిగా కూర్చున్న మనిషిని చూస్తే ఏదో బాధలో ఉన్నారనుకుని ఒక పిల్లనో పిల్లవాడినో తోడు పంపడం వారి మర్యాద. ఆ తోడును వదిలించుకోవద్దు.

జరిమానా కంటే పెద్ద కారణం ప్రాణభయం. తీరం దగ్గర సముద్రం చెరువులా నిశ్చలంగా కనిపించినా, పగడపు దిబ్బకు ఉన్న గండ్ల గుండా నీరు బలంగా బయటికి లాగుతుంది. ఏ గండి ఎప్పుడు లాగుతుందో ఊరివాళ్లకు తెలుసు, మీకు తెలియదు. 2009 సెప్టెంబరు 29న సునామీ ఉపోలు దీవి దక్షిణ, తూర్పు తీరాలను ఊడ్చేసి సమోవాలో 140 మందికి పైగా ప్రాణాలు తీసింది. భూమి గట్టిగా కంపించిన రోజున మీరు ఎక్కడున్నారో తెలియకపోతే, కొండ వైపు పరుగెత్తవలసిన ఇంటాయన మీ కోసం తీరం వైపు వస్తాడు. అందుకే మళ్లీ చెబుతున్నాను: చెప్పకుండా వెళ్లవద్దు.

ఇక భోజనం. అతిథికీ పెద్దలకూ ముందు వడ్డిస్తారు. మీరు తింటున్నంతసేపూ ఇంటి పిల్ల ఒకతె పక్కన కూర్చుని అల్లిన విసనకర్రతో ఈగలను తోలుతూ ఉంటుంది. ఆ పిల్ల అప్పటికి తిని ఉండదు. విస్తట్లో మెతుకు మిగల్చకూడదని నేర్చుకున్న మనం పెట్టినదంతా ఊడ్చి తినడమే మర్యాద అనుకుంటాం కానీ, అక్కడ మిగిలినదే తరువాతి పంక్తికి వెళ్తుంది కాబట్టి కొంత వదిలి లేవండి. శాకాహారులైతే ఆ మాట మొదటి రోజే చెప్పండి. చేమదుంప, సీమపనస, చేమ ఆకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించే పలుసామి మీకు సరిపడతాయి, అయితే పిసుపో అనే డబ్బా గొడ్డుమాంసం ఎందులో కలిసి ఉంటుందో అడిగి తెలుసుకోవాలి.

సాయంత్రం శంఖమో, వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండర్ మీద దెబ్బో వినిపిస్తే అది ‘సా’, అంటే ప్రార్థన వేళ. దారిలో ఉంటే ఉన్నచోటనే ఆగిపోండి. ఇంట్లో ఉంటే అందరితో కూర్చోండి, మీ దేవుడు ఎవరైనా సరే.

కాళ్లు చాపి కూర్చోవద్దు. మఠం వేసుకోండి, మోకాళ్లు నొప్పి పుట్టి కాళ్లు చాపక తప్పకపోతే వాటి మీద చాప కప్పుకోండి. కూర్చున్నవారి ముందు నుంచి వెళ్లవలసి వస్తే నడుము వంచి ‘తులౌ’ (క్షమించండి) అనండి. నడుస్తూ తినవద్దు. తొడలు కనిపించే బట్టలతో ఊళ్లో తిరగవద్దు, బయటి కుళాయి దగ్గర స్నానమైనా లావాలావా అనే లుంగీలాంటి బట్ట చుట్టుకునే చేయండి. ఎవరి వస్తువునూ మరీ మెచ్చుకోవద్దు, తీసి మీ చేతిలో పెడతారు. కొబ్బరిచెట్టు కింద కూర్చోవద్దు. కుక్కలు మీదికి వస్తే పరుగెత్తవద్దు. రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. కరిస్తే దాచవద్దు, జ్వరమొచ్చినా దాచవద్దు. రాత్రిపూట ఒక్కరే బయటికి పోవద్దు, దుకాణం నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే. చెప్పి వెళ్లండి. ఫోనులో సందేశం పంపితే చెప్పినట్టు కాదు, ఇంట్లో ఉన్న పెద్దావిడ ఎదుట నిలబడి ఎక్కడికి, ఎవరితో, ఎప్పటికి వస్తారో నోటితో చెప్పండి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం కాబట్టి, గాలి లేచినప్పుడు ఆ కుటుంబం ఏ భవనంలోకి చేరుతుందో ఇప్పుడే అడిగి, పగటివేళ వారితోనే ఒకసారి ఆ దారి నడిచి చూడండి.